వెనుక చక్రముల భారం

నూతన వాహనం కొన్నవారు దానిని దేవాలయ ద్వారం ముందు నిలిపి పూజ చేయించుట మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం ప్రాంతాలలో నిత్యం కనిపించే దృశ్యం. పసుపు కుంకుమలతో స్వస్తికం, ముందరి అద్దానికి పూలమాల, గుమ్మడికాయతో దిష్టి, చివరకు నాలుగు చక్రాల క్రింద నాలుగు నిమ్మకాయలు. వాహనం ఒక్క అడుగు కదలగానే నాలుగూ నలుగుతాయి. ఏ చక్రం క్రింది కాయ ఎంత బరువుకు నలిగినదో అడిగినవారు లేరు. నిజానికి అడుగవలసిన ప్రశ్నయే అది.

కఠోపనిషత్తులోని రథకల్పన సాధకులకు సుపరిచితం. శరీరం రథం, ఆత్మ రథి, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియములు గుర్రములు, విషయములు ఆ గుర్రములు పరుగెత్తే దారులు. ఇంత వివరంగా చెప్పిన ఆ ఘట్టంలో చక్రముల ప్రసక్తి లేదు, ఇరుసు ప్రసక్తి లేదు. వాటి కొరకు మరొక చోట వెదకవలెను. ప్రశ్నోపనిషత్తు, ముండకోపనిషత్తు రథనాభిలో అరలు కూడుకొని ఉన్న తీరును దృష్టాంతంగా గ్రహించినవి. ఋగ్వేద ప్రథమ మండలంలోని అస్యవామీయ సూక్తం ఇంకొక అడుగు ముందుకు వేసి, అపారమైన భారం మోస్తూ కూడ వేడెక్కని, శిథిలం కాని ఇరుసు ఒకదానిని దర్శింపజేస్తున్నది. అది కాలచక్రపు ఇరుసు. మానవుడు చేసుకొన్న ఇరుసులు వేడెక్కుతాయి, అరుగుతాయి, విరుగుతాయి. వాటి భారం ఎక్కడికో పోదు. ఉప్పల్‌లో నివసించే ఒక కుటుంబానికి ఈ సంగతి ఒక ఉక్కు కడ్డీ మూలంగా తెలియవచ్చినది.

ఆ ఇంటి కుమారునికి ముప్పది రెండేండ్లు. పోచారంలోని ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో ఉద్యోగం. తండ్రి యంత్రపరికరాల కర్మాగారంలో టర్నరుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడు. తల్లికి వెన్నుపూసలో చాలకాలంగా నొప్పి ఉన్నది. కుమారుడు ఎంతో ముచ్చటపడి 2009 నాటి హోండా సివిక్ కారును పాతదే కొనుక్కొన్నాడు. మన వీథులలో తిరిగే చిన్న కార్లలో అధికభాగానికి వెనుక చక్రాలు రెండింటినీ కలిపే దూలం ఒకటి ఉంటుంది. ఆ దూలమే కొంత మెలిదిరుగుతూ రెండు పక్కలనూ సర్దుతుంది. ఈ కారుకు అట్లు కాదు. వెనుక చక్రాలు దేనికదే స్వతంత్రంగా కదులుతాయి, వాటిని అనుసంధించుటకు వేరుగా ఒక కడ్డీ ఉన్నది. దానినే స్వే బార్ అని, యాంటీ రోల్ బార్ అని అంటారు. నాచారం మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్ అంటారు.

ఆ కడ్డీ చేసే పనిని శ్రద్ధగా గ్రహించుట అవసరం, ఎందుకనగా తరువాతి కథ అంతయు దాని చుట్టూనే తిరుగుతున్నది. స్ప్రింగు ఉక్కుతో చేసిన కడ్డీ అది, రెండు కొసలూ వంచి ఉంటాయి. నడుమ భాగం రెండు రబ్బరు బుష్‌ల మధ్య కారు దేహానికి బిగించబడి ఉంటుంది. కొసలు లింక్ రాడ్ల ద్వారా ఎడమ, కుడి చక్రాల చేతులకు తగిలి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేచినప్పుడు కడ్డీ బుష్‌లలో ఊరక తిరుగుతుంది, దానికి పని లేదు. ఒక చక్రం లేచి రెండవది లేవనప్పుడు మాత్రమే అది మెలిపడుతుంది. మెలిపడిన ఉక్కు మరల నిటారుగా నిలువవలెనని ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నమే వంపులో కారు ఒరిగిపోకుండ పట్టి ఉంచుతుంది. కెనడాలో ఇట్టి కడ్డీకి 1919లోనే పేటెంటు లభించినదని చెప్తారు. అనగా ఇది నిన్నమొన్నటి యుక్తి కాదు.

ద్వంద్వములు సమంగా వచ్చినప్పుడు నిద్రించి, భేదం కలిగినప్పుడు మేల్కొనే వస్తువును చూడగానే దీనిని గీతలో చెప్పిన సమత్వానికి ఉపమానం చేయవలెనని ఎవరికైనా తోస్తుంది. ఆ తొందర కూడదు. సమత్వం కలవాడు గుంటను గుంటగా, మిట్టను మిట్టగా గ్రహించి చలించడు. ఈ కడ్డీ చేసేది వేరు. ఎడమ చక్రం గుంటలో పడితే ఆ కుదుపులో కొంత భాగాన్ని ఏ పాపమూ ఎరుగని కుడి చక్రానికి అందజేస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు చేసిన అప్పు చిన్నకొడుకు మీద పడినట్లే. కడ్డీ ఎంత లావైతే ఆ బంధుత్వం అంత గట్టిపడుతుంది.

కుమారునికి ఉన్న అసంతృప్తి ఒక్కటే. వేగంగా వంపు తిరిగినప్పుడు కారు ఒక పక్కకు ఒరుగుతున్నది, ముక్కు వంపు వెలుపలికి జరుగుతున్నది. స్టీరింగు ఎంత తిప్పినా కొంత ఆలస్యంగా లోబడుతున్నది. ముందు చక్రాలే ఇంజను బలంతో లాగుతూ, ముందు భాగమే ఎక్కువ బరువు మోసే కార్లకు ఇది స్వభావం. ఫోనులో ఎన్నో వీడియోలు చూసి, వెనుక కడ్డీని లావైన దానితో మార్చితే ఈ దోషం పోతుందని నిశ్చయించుకొన్నాడు. విదేశం నుండి ఒకటి తెప్పించుకొన్నాడు. తండ్రి తన పాత వెర్నియర్ తీసి దానిని కొలిచినాడు. కారులో ఉన్న దాని కంటె ఇది రెండు మిల్లీమీటర్లు లావు.

"రెండు మిల్లీమీటర్లే కదా నాన్నా," అన్నాడు కుమారుడు.

తండ్రి ఏమీ అనలేదు. టర్నరుకు ఆ రెండు మిల్లీమీటర్ల అర్థం తెలుసు. గుండ్రని కడ్డీ మెలికకు చూపే ప్రతిఘటన దాని వ్యాసం యొక్క నాలుగవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. ఉదాహరణకు 20 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో అదే ఆకారం గల 22 మిల్లీమీటర్ల కడ్డీ వేస్తే లావు పదో వంతు పెరిగినది, బిగువు మాత్రం దాదాపు 46 శాతం పెరిగినది. చూపుకు అల్పం, ఫలంలో అధికం.

మల్కాజిగిరి వైపు నుండి మౌలాలి, మల్లాపూర్ మీదుగా నాచారం పారిశ్రామికవాడకు వచ్చే దారిలో ఒక ఇరుకు సందు, ఆ సందులో రేకుల షెడ్డు. అక్కడి వృద్ధ మెకానిక్కును అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన కారును పైకెత్తి, వెనుక చక్రాన్ని చేతితో ఊపి, కడ్డీని ఇనుప పట్టీతో కొంచెం కదిలించి చూసినాడు.

"సార్, లింక్ రాడ్లు పోయినయి. బుష్‌లు పగిలినయి. ముందు ఇవి మార్చుదాం, నెల రోజులు నడిపి చూడండి. రాడ్ సంగతి తర్వాత."

"రాడ్ ఎట్లాగూ మారుస్తున్నాం కదా ఉస్తాద్, దానితో కొత్త బుష్‌లు వచ్చినయి. అన్నీ ఒకటేసారి వేసేయండి."

"మీ ఇష్టం. కానీ దేని వల్ల బాగైందో మీకు తెల్వదు."

ఎంత గొప్ప మాట! అన్వయవ్యతిరేకముల చేత కారణాన్ని నిర్ణయించుట తర్కశాస్త్రం నేర్పే పద్ధతి. ఒకటి ఉంటే ఫలం ఉన్నదా, అది లేకుంటే ఫలం లేదా అని విడివిడిగా పరీక్షింపక నాలుగు మార్పులు ఏకకాలంలో చేసినవాడికి కార్యం కనిపిస్తుంది, కారణం కనిపించదు. ఒకే వారంలో ఉపవాసం, కొత్త మంత్రం, కొత్త ఔషధం, కొత్త గురువు అన్నీ మొదలుపెట్టి మనశ్శాంతి లభించినదని చెప్పేవారికి కూడ ఇదే వర్తిస్తుంది.

కొత్త కడ్డీ కొసలలో రెండేసి రంధ్రాలు ఉన్నవి. లింక్ రాడ్డును చివరి రంధ్రానికి బిగిస్తే చేయి పొడవై కడ్డీ మెత్తగా పనిచేస్తుంది, లోపలి దానికి బిగిస్తే చేయి పొట్టిదై బిగువు పెరుగుతుంది. కుమారుడు లోపలి రంధ్రమే కోరినాడు. చట్టం సంగతి తండ్రి అడిగినాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. ఆ పత్రంలో ఈ కడ్డీ మాట ఉండదు కావున తప్పు లేదని కుమారుని సమాధానం. బీమా సంస్థకు తెలియజేసినావా అని తండ్రి మరొక ప్రశ్న వేసినాడు. దానికి సమాధానం రాలేదు.

కారు నిజంగానే మారినది. ఔటర్ రింగు రోడ్డు మీద ప్రక్క వరుసలోకి మారునప్పుడు ఒరగుట లేదు. వంపులో ముక్కు వెలుపలికి జరుగుట లేదు, తలచిన మాత్రాన తిరుగుతున్నది. కొన్ని మాసాలు అతడు ఆనందంలో ఉన్నాడు. ఆ ఆనందం అసత్యమని ఎవరూ అనలేరు. మంచి రథం మంచి సారథి చేతిలో విధేయమై నడుచుట చూడ ముచ్చటే.

జూన్‌లో తొలి వానలు పడినవి. ఒక సాయంత్రం అతడు ఒంటరిగా వస్తూ ఘట్‌కేసర్ వద్ద ఔటర్ రింగు రోడ్డు నుండి దిగే వంపులో ప్రవేశించినాడు. చినుకులకు నూనె జిడ్డు తేలిన రోడ్డు. వేగం ఎక్కువైనదని తోచి యాక్సిలరేటరు మీది పాదం చటుక్కున తీసినాడు. బరువు ముందుకు జారినది, వెనుక టైర్లు పట్టు వదిలినవి, కారు తోక వెలుపలికి తిరిగి వాహనం అడ్డంగా నిలిచినది. వెనుక వస్తున్న లారీ దూరంలోనే ఆగినది. ఎవరికీ ఏమీ కాలేదు. అతడు చేతులు వణుకు తగ్గేవరకు అక్కడే కూర్చొని, తరువాత మెల్లగా ఇంటికి వచ్చినాడు. ఇంట్లో చెప్పలేదు. టైర్లు పాతవి, రోడ్డు తడిది అని తనకు తాను చెప్పుకొన్నాడు. రెండూ నిజమే, కాని సంపూర్ణ సత్యం కాదు.

శ్రావణంలో స్వాతి నక్షత్రం వచ్చిన రోజు యాదగిరిగుట్టలో నరసింహస్వామి దర్శనం చేసుకొనవలెనని తల్లి కోరినది. స్వాతి స్వామివారి జన్మనక్షత్రం. ఆ దినం గిరిప్రదక్షిణ కూడ జరుగుతుంది. తెల్లవారుజామున ముగ్గురూ బయలుదేరినారు. తల్లి వెనుక సీటులో కూర్చొన్నది. ఉప్పల్ నుండి నారపల్లి వరకు 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగిన ఎత్తైన రహదారి పనుల క్రింద రోడ్డు ఎట్లు ఉండెనో ఆ దారిన తిరిగినవారికి చెప్పనక్కరలేదు. గుంటలు రెండు చక్రాలకూ ఒకేసారి రావు. ఒకసారి ఎడమ చక్రానికి, మరొకసారి కుడి చక్రానికి వస్తాయి. సరిగా అట్టి చోటనే లావైన కడ్డీ మెలిపడి ఒక చక్రపు దెబ్బను రెండవ దానికి కూడ పంచుతుంది. కారు ఇటు నుండి అటు తల ఊపినట్లు ఊగుతుంది. ఆ ఊపు నడుముకు తగులుతుంది. తల్లి తలుపు మీది పట్టుకొమ్మను రెండు చేతులా పట్టుకొని నామజపం చేస్తున్నది. ముందు సీట్లలో ఉన్నవారికి ఆమె జపం వినిపించినది, పట్టుకొన్న చేతులు కనిపించలేదు.

భువనగిరి దాటకముందే ఒక హోటలు వద్ద టీ కొరకు ఆగినారు. దిగునప్పుడు ఆమె వెంటనే లేవలేకపోయినది. తండ్రి చూసినాడు. ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టి తాను వెనుకకు మారుతానన్నాడు. తరువాత కుమారుని ప్రక్కకు పిలిచినాడు.

"బిడ్డా, ఈ రాడ్ వేసినంక వంపులో బరువు తగ్గిందా?"

"కారు ఒరిగేది తగ్గింది నాన్నా."

"ఒరిగేది సరే. బరువు?"

కుమారుడు ఆలోచించినాడు. వంపులో వాహనపు భారం లోపలి చక్రాల నుండి వెలుపలి చక్రాలకు మారుతుంది. ఎంత మారుతుందనేది కారు బరువు, దాని గురుత్వకేంద్రం ఎంత ఎత్తున ఉన్నది, ఎడమ కుడి చక్రాల మధ్య ఎంత ఎడం ఉన్నది, ఎంత వేగంగా ఎంత బిగువుగా తిరిగినది, వీటి మీదనే ఆధారపడుతుంది. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు, గురుత్వకేంద్రం అర మీటరు ఎత్తున, చక్రాల ఎడం ఒకటిన్నర మీటరు, గురుత్వాకర్షణలో సగమంత పార్శ్వబలంతో తిరిగినదనుకొంటే దాదాపు 250 కిలోల భారం ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు పోతుంది. ఈ లెక్కలో కడ్డీకి చోటు లేదు. ఎంత లావైన కడ్డీ వేసినా ఆ 250 కిలోలు రమారమి అంతే ఉంటాయి. కడ్డీ నిర్ణయించేది ఒక్కటే, ఆ భారంలో ముందు జత ఎంత మోయవలెను, వెనుక జత ఎంత మోయవలెను అని. వెనుక కడ్డీని బిగిస్తే ఎక్కువ వంతు వెనుక జత మీద పడుతుంది, ముందు జతకు అంత మేరకు తగ్గుతుంది.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. టైరు మీద బరువు రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగుతుంది. కావున ఒక జతలో ఒక టైరు అధికంగా, మరొకటి స్వల్పంగా మోస్తే ఆ జత మొత్తం పట్టు క్షీణిస్తుంది. ముందు చక్రాలకు కలిగిన లాభం ఆకాశం నుండి ఊడిపడలేదు, వెనుక చక్రాల పట్టును తగ్గించి తెచ్చుకొన్నది. ముక్కు విధేయమైనదంటే తోక బలహీనమైనదని అర్థం.

"తగ్గలేదు," అన్నాడు కుమారుడు చివరకు. "వెనక్కి పోయింది."

"వెనక ఎవరు కూర్చున్నరు?"

అప్పుడు అతడు ఘట్‌కేసర్ వంపు సంగతి చెప్పినాడు. రెండు నెలలుగా దాచినది టీ చల్లారేలోగా చెప్పివేసినాడు. తండ్రి కోపగించలేదు. "దర్శనం చేసుకుందాం పద," అని మాత్రమే అన్నాడు. గుట్ట మీదికి పోయే వంపులలో కారు అద్భుతంగా తిరిగినది. ఆ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు.

ప్రారబ్ధం భోగం చేతనే క్షయిస్తుంది, జ్ఞానికైనా అది అనుభవింపక తప్పదని వేదాంతం చెప్తున్నది. దీనిని ఒప్పుకొంటూనే మనుష్యుడు తన భారాన్ని తాను తగ్గించుకొన్నానని తరచుగా భ్రమిస్తాడు. నలుబది ఒక్క దినముల మండలదీక్ష స్వీకరించినవాడు ప్రాతఃస్నానం చేసి, శుచిగా వండిన ఆహారం భుజించి, నేలపై శయనించి, తన మనస్సు తేలికైనదని సంతోషిస్తాడు. అతని కంటె ముందు లేచి నీళ్లు కాచినవారు, మడితో రెండు పూటలా వేరుగా వండినవారు, ఆ తరువాత తమ ఉద్యోగానికి బస్సు పట్టుకొన్నవారు ఎవరు? దీక్షను ఆక్షేపించుట కాదు ఇది. దీక్ష పవిత్రమైనది. అయితే దీక్షాపరుడు చూపిన నిగ్రహం వలన ఇంటి భారం తగ్గినదా, లేక వెనుక సీటుకు మారినదా అనేది కూడ దీక్షలో భాగంగా పరిశీలింపవలసినదే. అనేక గృహాలలో ఈ పరిశీలన జరుగదు, ఎందుకనగా వెనుక కూర్చొన్నవారు జపం చేస్తూ ఉంటారు, ఫిర్యాదు చేయరు.

మరుసటి ఆదివారం తండ్రీకొడుకులిద్దరూ నాచారం సందుకు పోయినారు. ఉస్తాద్ పాత కడ్డీని పారవేయలేదు. గోడకు మేకు మీద వ్రేలాడదీసి, సుద్దముక్కతో కారు నంబరు వ్రాసి ఉంచినాడు. "వస్తరని తెలుసు," అన్నాడు, గర్వంగా కాదు, రోజువారీ మాటగా. చివరి రంధ్రానికి మార్చి చూద్దామా అని కుమారుడు అడిగినాడు. అదియు సాధ్యమే, రోడ్లు బాగుండి ఒంటరిగా తిరిగేవారికి ఆ మార్గం సరిపోవచ్చు. తండ్రి ఒప్పుకోలేదు. పాత కడ్డీనే కొత్త బుష్‌లతో, కొత్త లింక్ రాడ్లతో బిగించమన్నాడు. వెనుక టైర్లు రెండూ కొత్తవి వేయించినారు. వీటిలో బుష్‌లకు, లింక్ రాడ్లకు అయిన ఖర్చు విదేశీ కడ్డీ వెలలో చిన్న భాగం కూడ కాదు.

అప్పుడు తెలిసినది, కారు అంతగా ఒరుగుటకు కారణం కడ్డీ సన్ననై ఉండుట కాదని. కడ్డీని పట్టి ఉంచవలసిన రబ్బరు పగిలి, లింక్ రాడ్ల కీళ్లు వదులై, అది పనిచేయవలసిన క్షణంలో కొంత దూరం వ్యర్థంగా కదిలిన తరువాత గాని పని మొదలుపెట్టుట లేదు. ఉన్న సాధనం శిథిలమైనప్పుడు దానిని సరిచేయక అధికమైన సాధనాన్ని తెచ్చిపెట్టుట యువకులకే కాదు, నిత్యం ఒంటిపూట సంధ్యావందనం కూడ సరిగా జరుగనిచ్చుకొనక సహస్ర సంఖ్యలో మహామంత్రాల పురశ్చరణకు సంకల్పించే పెద్దలకు కూడ ఉన్న అలవాటే.

లావైన కడ్డీ ప్రస్తుతం ఉప్పల్ ఇంటి అటక మీద పాత దినపత్రికలలో చుట్టబడి ఉన్నది. అమ్మివేద్దామని కుమారుడు రెండుసార్లు అన్నాడు. కొనేవాడి వెనుక సీటులో ఎవరు కూర్చొంటారో అడిగి అమ్ము అని తండ్రి చెప్పినాడు. ఇంకా ఎవరికీ అమ్మలేదు.

కార్తీకంలో వారు మరల గుట్టకు పోయినారు. ఘట్‌కేసర్ వద్ద వంపు వచ్చినప్పుడు కారు ముక్కు పూర్వం వలెనే కొద్దిగా వెలుపలికి జరిగినది. అతడు వంపుకు ముందే వేగం తగ్గించి ఉన్నాడు. బీబీనగర్ రాకముందే వెనుక సీటులో తల్లి నిద్రపోయినది, జపమాల చేతిలో నుండి జారి సీటు మీద పడినది. తండ్రి వెనుకకు వంగి దానిని తీసి తన జేబులో వేసుకొన్నాడు.